టిన్‌టిన్ సెట్: ఏ ముద్రణలో అచ్చు బాగుంది?

మీ ప్రశ్న ఇది: టిన్‌టిన్ బొమ్మల కథల పుస్తకాలు మొత్తం సెట్ ఇంట్లో పెట్టుకోవాలి, తొమ్మిదేళ్ల మీ అబ్బాయీ చదవాలి, మీరూ చదవాలి. గట్టి అట్టతో వచ్చే 8 సంపుటాల చిన్న సైజు బాక్స్ సెట్ తీసుకోవాలా, పెద్ద సైజు పేపర్‌బ్యాక్‌లు విడివిడిగా కొనాలా, లేక లండన్ ప్రచురణకర్త మెథ్యూన్ వేసిన పాత కాపీలు ఒక్కొక్కటీ వెతికి పట్టుకోవాలా? అచ్చు దేంట్లో బాగుంటుంది? "అందరూ బాక్స్ సెట్ కళ్లు మూసుకుని తీసుకోమంటున్నారు" అని కూడా రాశారు. కళ్లు మూసుకుంటే ఏదైనా ఒకటేనండీ. తెరిచి చూస్తేనే తేడా.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పి విషయానికొస్తాను. విజయవాడలో ఆఫ్‌సెట్ ప్రెస్సుల్లో 30 ఏళ్లకు పైగా పనిచేశాను. ఎక్కువ కాలం ప్లేట్ల సెక్షన్లోనే. పెళ్లి కార్డులు, గోడ క్యాలెండర్లు, పంచాంగాలు, గైడ్లు, ఎన్నికల పోస్టర్లు, అన్నీ చేతుల మీదుగా పోయినవే. టిన్‌టిన్ మాత్రం నాకు హైదరాబాద్‌లో దొరికాడు, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, ఒక ఆదివారం. ముందు అట్ట లేదు. చివరి నాలుగు పేజీలూ లేవు. కథ ఎలా ముగిసిందో తెలియడానికి రెండేళ్లు పట్టింది. కానీ ఆ చిరిగిన పుస్తకం నన్ను పట్టుకున్నది కథతో కాదు. ఎన్ని పేజీలు తిప్పినా రంగు నల్ల గీత దాటి వెంట్రుకవాసి కూడా బయటికి రాలేదు. మా దగ్గర నీలం, గులాబీ, పసుపు, నలుపు, ఈ నాలుగు రంగులు అలా ఒకదాని మీద ఒకటి కూర్చోవడానికి మెషీన్‌మ్యాన్ ఎన్ని షీట్లు వేస్టు చేసేవాడో నాకు తెలుసు కాబట్టి, ఆ పుస్తకం చేతిలో పెట్టుకుని అక్కడే కాసేపు నిలబడిపోయాను.

ఇప్పుడు నా దగ్గర మూడు రకాలూ ఉన్నాయి. పెద్ద సైజువి పూర్తిగా, చిన్న సంపుటాల సెట్ ఒకటి, పాతవి ఓ డజను. అందుకని జవాబు ముందే చెప్పేస్తాను. అచ్చు కోసమే అయితే పెద్ద సైజు విడి పుస్తకాలు కొనండి. చిన్న సైజు సెట్ చెడ్డదేమీ కాదు, కానీ అది వేరే అవసరానికి. పాతవాటి జోలికి మోజుంటేనే వెళ్లండి, "పాత అచ్చు కాబట్టి మంచి అచ్చు" అనుకుని మాత్రం వెళ్లకండి. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది తెలిస్తే ఏ కాపీ చేతికొచ్చినా మీరే చూసి తేల్చుకోగలరు.

టిన్‌టిన్ బొమ్మలో దాక్కోవడానికి చోటు లేదు. గీసినాయన బెల్జియం దేశస్థుడు, పేరు జార్జ్ రెమీ. ఇంటిపేరు ముందు పెట్టి పొడి అక్షరాలు ఆర్, జీ అని ఫ్రెంచిలో పలికితే 'ఎర్జే' అవుతుంది, అదే ఆయన కలం పేరు. 1929లో మొదలుపెట్టాడు. ఆయన గీత మొదట్నుంచి చివరిదాకా ఇంచుమించు ఒకే మందం. నీడల కోసం సన్నగీతలు నింపడం లేదు, ముఖాల మీద వెలుగునీడల హంగామా లేదు. ఒక మూసిన గీత, దాని లోపల ఒకే చదును రంగు. బాపు గీత చూసి పెరిగినవాళ్లం కాబట్టి ఇది మనకు వేరే చెప్పనక్కర్లేదు. గీత ఎంత తక్కువైతే దాని మీద బరువు అంత ఎక్కువ. ఒక్కచోట తెగినా, ఒక్కచోట లావైనా మొహం మారిపోతుంది. టిన్‌టిన్ కళ్లు రెండు చుక్కలు, అంతే. ఆ చుక్కల్లో ఒకటి సిరా పీల్చుకుని ఉబ్బిందంటే కుర్రాడు మెల్లకన్నువాడైపోతాడు.

రంగుల సంగతి ఇంకా ముఖ్యం. మొదటి తొమ్మిది పుస్తకాలూ నలుపు తెలుపుల్లోనే వచ్చాయి, వంద పేజీలు దాటి. యుద్ధకాలంలో కాగితం కరువై, ప్రచురణకర్త కాస్టర్‌మన్ పేజీలు తగ్గించి రంగుల్లోకి మారదామన్నాడు. అలా 1942లో వచ్చిన 'ద షూటింగ్ స్టార్' నేరుగా రంగుల్లో పుస్తకంగా వచ్చిన మొదటిది. అప్పట్నుంచి కథ 62 పేజీలు. 62 ఏమిటి, వింత లెక్క అనుకునేవాణ్ణి, ఒకసారి ఫారాలు, అంటే ఒకే షీటు మీద కలిపి అచ్చు వేసే పేజీల కట్టలు, లెక్కేస్తే అర్థమైంది. ముందు రెండు పేజీలు కలిపితే 64, అంటే పదహారేసి పేజీల ఫారాలు సరిగ్గా నాలుగు. ఒక్క పేజీ కూడా వృథా పోదు. ప్రెస్సులో పనిచేసినవాడికి ఇలాంటివి చూస్తే ముద్దొస్తుంది.

ఇక ఆ రంగులు వేసే పద్ధతి. నల్ల గీతను ఒక పారదర్శక ఫిల్ము మీద విడిగా ఉంచేవారు. అదే బొమ్మను లేతగా ఇంకో కాగితం మీద అచ్చు తీసి, దాని మీద రంగులు అద్దేవారు. కెమెరా ముందుకు రంగులు వేరు, నలుపు వేరు. దీనివల్ల రెండు లాభాలు. నల్ల గీత ఎప్పుడూ చుక్కలుగా విడిపోదు, గట్టిగా ఒకే నలుపుతో పడుతుంది. రెండోది, అచ్చులో ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు, మాటలన్నీ నల్ల ప్లేటులోనే ఉంటాయి కాబట్టి భాష మారితే ఆ ఒక్క ప్లేటు మారిస్తే చాలు, రంగుల ప్లేట్లు అలాగే ఉంచి ఇంగ్లీషువీ ఫ్రెంచివీ వేసుకోవచ్చు. పాత మెథ్యూన్ పుస్తకాల్లో అచ్చు వివరాల దగ్గర చూడండి, లండన్ ప్రచురణకర్త అయినా అచ్చు వేసింది బెల్జియంలోని తూర్నేలో కాస్టర్‌మన్ అని కనిపిస్తుంది. ఈ నల్ల ప్లేటు విషయం గుర్తుంచుకోండి. నకిలీ కాపీ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు చిన్న సైజు దగ్గరికి వద్దాం. పెద్ద ఆల్బం సుమారు 22 సెంటీమీటర్ల వెడల్పు, 30 పొడవు. చిన్న సంపుటం 16కు 22 దగ్గర్లో ఉంటుంది. కొలత చెబితే "కొంచెమే కదా తగ్గింది" అనిపిస్తుంది. వైశాల్యం లెక్కేయండి, సగానికి వచ్చేసింది. మాటల బుడగలో 3 మిల్లీమీటర్ల అక్షరం 2కు కాస్త పైన ఆగుతుంది. నాలాంటి అరవై దాటినవాడికి కళ్లద్దాలున్నా కష్టమే.

అక్షరం చిన్నదవడం కంటికి తెలుస్తుంది. తెలియని గొడవ ఇంకోటుంది. బొమ్మను కుదిస్తాం గానీ అచ్చు చుక్క కుదించుకోదు. లేత రంగు ఏదైనా చుక్కల జల్లెడతోనే పడుతుంది, పెద్ద పేజీకైనా చిన్న పేజీకైనా ఆ జల్లెడ ఇంచుమించు ఒకటే. పెద్ద పేజీలో ఒక బుగ్గ మీద వంద చుక్కలు పడితే చిన్న పేజీలో సగమే పడతాయి. రిజిస్టర్, అంటే రంగులన్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవడం, అదీ అంతే. నాలుగు రంగుల్లో ఒకటి పదోవంతు మిల్లీమీటరు పక్కకు జరిగితే పెద్ద బొమ్మలో ఎవరూ పట్టుకోరు. చిన్న బొమ్మలో గీతే సన్నం కాబట్టి ఆ జరగడం గీత బయటికి తొంగిచూస్తుంది. అంటే చిన్న సైజును పెద్దదానికంటే జాగ్రత్తగా అచ్చు వేయాలి, అప్పుడే పెద్దదానిలో సగం అందమైనా దక్కుతుంది.

నమ్మకం కుదరకపోతే 'ద బ్లూ లోటస్' రెండు సైజుల్లోనూ పక్కపక్కన పెట్టి చూడండి. అందులో షాంఘై వీధుల్లో గోడల మీదా, దుకాణాల బోర్డుల మీదా చైనా అక్షరాలుంటాయి. అవి ఊరికే గీకిన గీతలు కావు. జాంగ్ చొంగ్‌రెన్ అనే చైనా విద్యార్థి బ్రస్సెల్స్‌లో ఎర్జేకి స్నేహితుడయ్యాడు, ఆయన సాయంతో పెట్టిన నిజమైన రాతలు. చైనా చదవగలిగినవాళ్లు చదువుకోవచ్చు. పెద్ద పేజీలో ఆ కుంచె విరుపులు విడివిడిగా కనిపిస్తాయి. చిన్న పేజీలో కొన్నిచోట్ల గీతల మధ్య సందు సిరాతో పూడిపోతుంది. మన పాత పంచాంగాల్లో సన్న టైపు వేసినప్పుడు క్ష, జ్ఞ ల కింద ఒత్తులు పూడి నల్ల మచ్చలయ్యేవి చూడండి, సరిగ్గా అలాగే.

ఈ చిన్న సంపుటాల్లోనూ రెండు రకాలున్నాయి, మన దగ్గర రెండూ అమ్ముతుంటారు కాబట్టి కలగలిపి కొనకండి. బ్రిటిష్ సెట్ 8 సంపుటాలు, ఎగ్‌మాంట్ వేసింది. అమెరికన్ సెట్ లిటిల్ బ్రౌన్ వాళ్లది, 7 సంపుటాలు, ఒక్కోదాంట్లో మూడేసి చొప్పున 21 కథలు. మొదటి రెండు పుస్తకాలైన సోవియట్ కథ, కాంగో కథ ఈ ఏడింటిలో ఉండవు, బ్రిటిష్ సెట్‌లో ఉంటాయి. సంపుటం అంకెలు కూడా ఒకదానికొకటి సరిపోవు. ఇక్కడో మూడో, అక్కడో నాలుగో కొని సెట్ పూర్తయిందనుకుంటే కొన్ని కథలు రెండుసార్లు వస్తాయి, కొన్ని అసలే రావు. నాకు తెలిసిన ఒకాయన ఇలాగే బోల్తాపడ్డారు.

ఇంకో చిరాకు. 'ద సీక్రెట్ ఆఫ్ ద యూనికార్న్', 'రెడ్ రాకమ్స్ ట్రెజర్' రెండూ కలిపి ఒకే కథ. మూడేసి లెక్కన కత్తిరించడంతో మొదటి సగం ఒక సంపుటంలో చివరన, రెండో సగం తర్వాతి సంపుటంలో మొదట పడ్డాయి. రెండు సెట్లలోనూ ఇంతే. అచ్చు దోషం కాదులెండి, కానీ రాత్రి పదింటికి పిల్లవాడు "తర్వాతేమైంది?" అంటే లేచి వెళ్లి ఇంకో సంపుటం తెచ్చేది మీరే.

అయితే చిన్న సెట్‌ను మరీ తీసిపారేయను. మా మనవరాలు పెద్ద పుస్తకాలు ముట్టుకోదు, చిన్నవే పట్టుకుంటుంది. గట్టి అట్ట, బ్యాగులో పడుతుంది, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో పై బెర్తు మీద పడుకుని ఒంటిచేత్తో చదువుతుంది. నేను డాట్లు, రిజిస్టర్ అని మొదలుపెడితే "తాతయ్యా, స్నోయీ ఎంత క్యూట్‌గా ఉందో చూడు" అని టిన్‌టిన్ కుక్కను చూపిస్తుంది. మా మనవరాలి కళ్లకు అన్నీ కనిపిస్తున్నాయి, నా కళ్లకే లేదు. అలాగే సోవియట్ కథకు చిన్న సైజు పెద్దగా నష్టం చేయదు. అది నలుపు తెలుపు, తొలిరోజుల గీత, మోటుగా లావుగా ఉంటుంది. కుదించినా తట్టుకుంటుంది.

పెద్ద పేపర్‌బ్యాక్‌లు ఇప్పుడు కొత్తగా దొరికేవి ఎగ్‌మాంట్ పేరుతోనో, ఫార్‌షోర్ పేరుతోనో ఉంటాయి. 2020లో ఎగ్‌మాంట్ బ్రిటన్ వ్యాపారాన్ని హార్పర్‌కాలిన్స్ కొన్నది, పేరు ఫార్‌షోర్ అయింది. రెండు పేర్లు చూసి ఒకటి నకిలీ అనుకోకండి. ఇవి కొత్త యంత్రాల మీద వేసినవి, రిజిస్టర్ విషయంలో సాధారణంగా వంక పెట్టలేం. నాకున్న ఫిర్యాదు రంగు మీద కాదు, అక్షరాల మీద. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో బుడగల్లోని మాటలు నీల్ హిస్లప్ అనే ఆయన చేత్తో రాసినవి. చేతిరాత కాబట్టి ఒక 'ఇ' ఇంకో 'ఇ'లా ఉండదు, టిన్‌టిన్ స్నేహితుడు, ఓడ కెప్టెన్ హాడక్ అరిస్తే అక్షరమూ అరుస్తుంది. కొత్త ముద్రణల్లో కంప్యూటర్ అక్షరాలు. చదవడానికి శుభ్రంగానే ఉంటాయి. బొమ్మ మీద అతికించినట్టుంటాయి, అంతే. మీ అబ్బాయికి ఆ తేడా తెలియదు. మీకు తెలిసిందంటే మాత్రం ఇక మానదు, ముందే హెచ్చరిస్తున్నాను.

రంగుల్లో కొత్తవాళ్లు సులభంగా మోసపోయే చోటు ఒకటుంది. రెండు కాపీలు పక్కన పెడితే ముదురుగా, మెరుస్తూ ఉన్నదే మంచి అచ్చు అనిపిస్తుంది. మా దగ్గరికి క్యాలెండర్లు వేయించడానికొచ్చే పార్టీలూ అంతే, "ఇంకొంచెం కొట్టండి, రంగు లేవాలి" అనేవారు. సిరా ఎక్కువ పెడితే రంగు లేస్తుంది, దాంతోపాటు చుక్క కూడా ఉబ్బుతుంది. లేత రంగులన్నీ ఒక మెట్టు ముదురుతాయి, చర్మం రంగు ఇటుక రంగవుతుంది. ఎర్జే రంగులు అసలే లేత రంగులు. లేత నీలం ఆకాశం, ఇసుక రంగు గోడ, బూడిదాకుపచ్చ కోటు. ఇవి అరవకూడదు. హాడక్ నీలం స్వెటర్ చూడండి. అది నీలంగానే ఉందా, వంకాయ రంగులోకి జారిందా? నీలంలో గులాబీ సిరా పాళ్లు ఎక్కువైతే అలా జారుతుంది. తను ఉన్న కథల్లో ఆయన ఎక్కువగా అదే స్వెటర్ వేసుకుంటాడు కాబట్టి ఆ పుస్తకాలకు అదే కొలబద్ద. ఒక్కో పుస్తకంలో ఒక్కో నీలం కనిపిస్తే అవి వేర్వేరు ముద్రణల నుంచి ఏరి కట్టిన సెట్ అయ్యుండొచ్చు. తప్పేం లేదు, కానీ "ఫ్రెష్ సెట్" అని ధర వేస్తే మాత్రం అడగండి.

షాపులో అయిదు నిమిషాలే టైముంటే నేను మూడే మూడు చోట్లు చూస్తాను. మొదటిది 'టిన్‌టిన్ ఇన్ టిబెట్'లో మంచు. ఎర్జే మనసు బాగా కలత పడి, తెల్లగా తెల్లగా ఏవో పీడకలలు వస్తుంటే గీసిన పుస్తకమది, పేజీలకు పేజీలు మంచే. అక్కడ సిరా దాదాపు ఉండదు, మీరు చూసే మంచు అసలు కాగితమే. కాగితం పసుపుకు తిరిగితే హిమాలయం మీద మాసిన దుప్పటి కప్పినట్టుంటుంది. మరీ నీలపు తెలుపు పూసిన కాగితమైతే ట్యూబ్‌లైటు వెలుగులా చల్లగా ఉంటుంది. రెండూ నాకు నచ్చవు, కొంచెం మీగడ తెలుపైతే బొమ్మ బతుకుతుంది. అదే పేజీని వెలుతురుకు ఎత్తి చూడండి, వెనక పేజీలోని నల్లని బొమ్మ మంచులోంచి కనిపిస్తే కాగితం పల్చన.

రెండోది 'ఎక్స్‌ప్లోరర్స్ ఆన్ ద మూన్'లో ఆకాశం. చంద్రుడి మీద ఆకాశం నల్లగా ఉంటుంది కదా, ఆ నల్ల మైదానాలు అచ్చుకు గట్టి పరీక్ష. ఒక్క నలుపు సిరాతో అంత చోటు నింపితే అరిగిన స్లేటులా బూడిదగా, అక్కడక్కడా తెల్ల పొక్కులతో పడుతుంది. నలుపు కింద కొంచెం నీలం పరిస్తే లోతు వస్తుంది. పేజీని ఏటవాలుగా పట్టుకుని చూడండి, నలుపు ఒకే మట్టంగా ఉందా, చారలున్నాయా తెలిసిపోతుంది. వేలితో రుద్ది చూడండి, పాతదైనా కొత్తదైనా వేలికి నలుపు అంటకూడదు. మూడోది 'డెస్టినేషన్ మూన్'లో ఎరుపు తెలుపు గళ్ల రాకెట్. ఎరుపంటే పసుపు మీద గులాబీ. గడి అంచున ఒక పక్క పసుపు గానీ, గులాబీ గానీ బయటికి కనిపిస్తే రిజిస్టర్ తప్పిందన్నమాట. గళ్లు గీత లోపల బుద్ధిగా కూర్చుంటే ఆ పుస్తకం మిగతా పేజీలు చూడకపోయినా ఫర్వాలేదంటాను. నా స్నేహితుడొకడు దీన్ని ఒప్పుకోడు, ఒక ఫారం బాగుంటే నాలుగూ బాగుండాలని లేదు అంటాడు. నిజానికి వాడి మాటే కరెక్టు, పదహారు పేజీలకొకసారి తిప్పి చూడండి.

ఇక నకిలీలు. నాలుగేళ్ల కిందట ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర పెద్ద సైజు సెట్ చవగ్గా కనిపించింది. ఇంత సర్వీసున్న నేను కూడా ఆశపడ్డాను. వచ్చాక దూరం నుంచి చూస్తే బాగానే ఉంది. చేతిలోకి తీసుకుంటే ఆకాశంలో సన్నటి అలలు, గుడ్డ మీద నీళ్లు ఆరిన చారల్లాగా. అచ్చయిన పుస్తకాన్ని స్కాన్ చేసి మళ్లీ చుక్కలుగా మారిస్తే పాత చుక్క, కొత్త చుక్క ఢీకొని ఇలాంటి అలలు వస్తాయి. రుజువు కోసం పది రెట్లు పెంచి చూపే లెన్స్ తీసి బుడగలో అక్షరం మీద పెట్టాను. ఇందాక నల్ల ప్లేటు గుర్తుంచుకోమన్నాను కదా. అసలు పుస్తకంలో అక్షరం శుద్ధ నలుపు, అంచు కోసినట్టుంటుంది. నా దగ్గరికొచ్చినదాంట్లో అక్షరం చుట్టూ గులాబీ, నీలం రేణువులు, చీమలు పట్టినట్టు. స్కానర్‌కు ఇది అక్షరం, ఇది బొమ్మ అని తెలియదు, అన్నింటినీ నాలుగు రంగుల చుక్కలుగా కొట్టేస్తుంది. తిరిగి పంపడానికి మూడు వారాలు, పదకొండు ఫోన్లు, బోలెడు టెన్షన్. మీరు రెండొందలు పెట్టి ఒక లెన్స్ కొనుక్కోండి. లెన్స్ లేకపోతే ఫోన్ కెమెరాను బాగా జూమ్ చేసినా ఈ రేణువులు దొరికిపోతాయి.

పాత మెథ్యూన్‌ల గురించి నా మాట కొంతమందికి రుచించదు. చేతిరాత అక్షరాలు, మెరవని మందపాటి కాగితం, పట్టుకుంటే అదో తృప్తి, ఒప్పుకుంటాను. కానీ మీరు కొనేది అచ్చయిన రోజు పుస్తకాన్ని కాదు, నలభై యాభై ఏళ్లు ఎవరింట్లోనో ఉన్న పుస్తకాన్ని. ఎండ తగిలితే ముందు పోయేవి పసుపు, గులాబీ. నీలం, నలుపు నిలబడతాయి. అందుకే కిటికీ పక్క బీరువాలో ఉన్న కాపీల వీపు మీద ఎరుపు వెలిసిపోయి నీలిబూడిదలోకి తిరుగుతుంది. వీపు వెలిసినా లోపలి పేజీలు బాగుండొచ్చు, మూసి ఉన్న పుస్తకంలోకి ఎండ పోదు. వెలిసిన వీపు చూసి ధర తగ్గించమని అడగండి, పుస్తకం మాత్రం వదలకండి. గోధుమ రంగు చుక్కలు, తేమ వాసన, కుట్టు దగ్గర పురుగు తిన్న సొరంగాలు ఉంటే మాత్రం ఎంత చవకైనా వద్దు. పక్కనున్నవాటికీ అంటుకుంటాయి. ఇంకో చిట్కా, అచ్చయిన సంవత్సరం విషయంలో అమ్మేవాడి మాట కంటే వెనక అట్ట నమ్మకమైంది. అక్కడ అప్పటిదాకా వచ్చిన పుస్తకాల పట్టిక ఉంటుంది. పట్టికలో ఉన్న ఆఖరి కథ కంటే ముందు ఆ కాపీ అచ్చయ్యే వీల్లేదు.

'ద బ్లాక్ ఐలండ్' కథలో మాత్రం సంవత్సరం తేడాతో బొమ్మే మారిపోతుంది. దీనికి మూడు రూపాలున్నాయి: 1938 నాటి నలుపు తెలుపు, 1943 నాటి రంగులది, 1966లో మొదట్నుంచి మళ్లీ గీసింది. కథ ఎక్కువగా జరిగేది ఇంగ్లండ్, స్కాట్లండ్‌లలో. ఇంగ్లీషులో వేసే ముందు మెథ్యూన్ వాళ్లు బ్రిటన్ వివరాల్లో 131 తప్పులు ఏరి జాబితా పంపారు. ఎర్జే తన సహాయకుడు బాబ్ ద మోర్‌ను అక్కడికి పంపి అన్నీ చూసి రమ్మని, మళ్లీ గీయించాడు. ఇంగ్లీషు సెట్లలో దొరికేది ఈ 1966 రూపమే. 1943 బొమ్మలు కావాలంటే కాస్టర్‌మన్ ఫ్రెంచిలో వేసే పాత అచ్చుల నకళ్లు వెతకాలి. అవి అధికారికమైనవే, నకిలీలు కావు. మొదటిసారి సెట్ కొనేవాళ్లకు అక్కర్లేదు. మూడేళ్ల తర్వాత మీరే అడుగుతారు చూడండి.

బైండింగ్ మీద ఒక్క మాట. పుస్తకం మధ్యలో తెరిచి మడత లోపలికి చూడండి. దారం కనిపిస్తే కుట్టు, కనిపించకుండా వీపంతా జిగురే అయితే పర్ఫెక్ట్ బైండింగ్. పేరే పర్ఫెక్ట్, మన మే నెల ఎండల్లో కారులో వదిలేస్తే జిగురు పట్టు వదిలి పేజీలు రాలతాయి. మీరు విశాఖలో ఉంటున్నానన్నారు కాబట్టి ఎండ కంటే తేమే పెద్ద శత్రువు. నున్నటి పూత కాగితం తడిస్తే పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, విడదీస్తే బొమ్మ ఊడుతుంది. బీరువాను బయటి గోడకు ఆనించకండి. పుస్తకాలు మరీ బిగించి పెట్టకండి, వేలు దూరేంత సందు ఉండాలి. ప్లాస్టిక్ కవర్లలో గాలాడకుండా మూసేయడం నేను చేసిన తప్పు, ఒక వానాకాలంలో రెండు పుస్తకాలకు బూజు పట్టింది.

ఇక కొనడం ఎలా మొదలుపెట్టాలంటే, సెట్ ఆర్డర్ చేయకండి. ముందు 'టిన్‌టిన్ ఇన్ టిబెట్' ఒక్కటే, పెద్ద పేపర్‌బ్యాక్, ఇంతకుముందు ఎవరూ వాడని కొత్త కాపీ కొనండి. అబ్బాయి చదవనీయండి. వాడికి నచ్చితే అదే ప్రచురణలో మిగతావి నెలకు రెండు చొప్పున తెచ్చుకోండి. ఒకేసారి ఖర్చూ పడదు, ప్రతి కాపీనీ చూసుకునే తీరికా ఉంటుంది. చిన్న బాక్స్ సెట్ ఎవరైనా కానుకగా ఇస్తే వద్దనకండి, ప్రయాణాలకు అదే మంచిది. పాతవాటిలో ఒక్కటే కొనాలనుకుంటే 'ద బ్లూ లోటస్' కొనండి.

టిబెట్ పుస్తకం వచ్చాక మంచు పేజీ ఒకటి, ఏదైనా బుడగలోని అక్షరాలు బాగా దగ్గరగా ఒకటి, రెండు ఫోటోలు పెట్టండి. పగలు కిటికీ దగ్గర తీయండి, ఫ్లాష్ వద్దు. ఫోన్‌లో రంగులు పెంచే ఆప్షన్ ఏదైనా ఉంటే ఆపేయండి, లేకపోతే కెమెరా రంగులు చూసి పుస్తకాన్ని తిట్టాల్సి వస్తుంది.